అద్దెనా, పర్సంటేజీనా: గొడవకు మూలం ప్రొజెక్టర్ గదిలో ఉంది

సింగిల్ స్క్రీన్ థియేటర్ల అద్దె గొడవ మళ్ళీ రాజుకుంది. తొలి రోజు నుంచే వసూళ్లలో పర్సంటేజీ ఇవ్వాలని థియేటర్లు నడిపే ఎగ్జిబిటర్లు, హాలుకు వారానికింత అని అద్దె కట్టే పాత పద్ధతే సాగాలని నిర్మాతలు పట్టుబడుతున్నారు. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ వైభవం హైదరాబాద్ వాళ్లకు ఎవరూ చెప్పనక్కర లేదు. గొడవ ఎక్కడ పుట్టిందో చూడాలంటే మాత్రం థియేటర్ పైగదికి ఎక్కాలి.

మొన్న నగరంలోని ఓ పాత థియేటర్లో మ్యాట్నీకి వెళ్లి, విరామంలో ఆపరేటర్ అనుమతితో ఆ గదిలోకి అడుగుపెట్టాను. రెండు పాత ప్రొజెక్టర్లు పక్కపక్కనే ఉన్నాయి. వాటిమీద దుమ్ము లేదు, ఆయన ఇప్పటికీ తుడుస్తున్నారు. రీలు అయిపోయే ముందు తెర కుడి మూల మెరిసే చుక్కను చూసి రెండో యంత్రాన్ని ఎలా అందుకునేవారో చేతులతో చేసి చూపించారు. సినిమా నడుస్తున్నది వాటి వెనకున్న డిజిటల్ యంత్రం మీద. సినిమాను అందించే డిజిటల్ కంపెనీ పంపే లైసెన్సు అందకపోతే అందులో ఒక్క ఆట కూడా పడదు.

రీళ్ల కాలంలో ప్రింటు ఖరీదైన సరుకు, అందుకే కొద్ది ప్రింట్లే తీసేవారు. పెద్ద నగరాల ‘ఏ’ సెంటర్లలో ఆడాక, గీతలు పడిన ఆ ప్రింటే బాక్సుల్లో బస్సెక్కి చిన్న పట్టణాలు, ఊళ్లైన ‘బీ’, ‘సీ’ సెంటర్లకు చేరేది. చిన్న ఊరి టాకీసుకు సినిమా ఆలస్యంగా వచ్చేది కానీ, వచ్చాక జనం వచ్చేవారు. క్రాస్ రోడ్స్‌లో వంద రోజులు ఆడే సినిమాకు వారానికింత అని అద్దె కట్టడం ఇద్దరికీ గిట్టుబాటయ్యేది.

2005 ప్రాంతం నుంచి ఉపగ్రహం ద్వారా సినిమా పంపే పద్ధతి మొదలైంది. ఫిల్మ్ తయారుచేసే కొడాక్ 2012లో దివాలా పిటిషన్ వేసింది, 2013లో ఫ్యూజీ సినిమా ఫిల్మ్ తయారీ ఆపేసింది. ఒకే ఉదయం అన్ని ఊళ్లలో ఆట పడటంతో నెలల వసూలు మొదటి వారాంతంలోకి కుదించుకుపోయింది. అద్దె ఒప్పందం మాత్రం రీళ్ల కాలంలోనే ఆగిపోయింది. నా దృష్టిలో అసలు మలుపు ఇదే.

ఎగ్జిబిటర్ల బాధ వినండి. హాలు నిండే తొలి వారం వాళ్లకు దక్కేది అద్దె. జనం పలచబడ్డాక పర్సంటేజీకి మారుస్తారు. అంటే లాభంలో వాటా లేదు, నష్టంలో ఉంది. 2003లో ప్రసాద్స్‌తో నగరానికి వచ్చిన మల్టీప్లెక్సు సంస్కృతిలో తొలి ఆట నుంచే పర్సంటేజీ. ఒకే సినిమాకు, ఒకే ఊళ్లో రెండు లెక్కలు. పది మంది వచ్చినా ఏసీ వేయాలి, జీతాలివ్వాలి. పెద్ద సినిమాలు లేక, ఎన్నికలు, ఐపీఎల్ తోడై, 2024 మే 17 నుంచి తెలంగాణ సింగిల్ స్క్రీన్లు పది రోజులు మూతపడ్డాయి. 2025లో జూన్ 1 నుంచి మూసేస్తామని రెండు రాష్ట్రాల ఎగ్జిబిటర్లూ హెచ్చరించి, ఫిల్మ్ చాంబర్ చర్చలతో వెనక్కి తగ్గారు. వాటా లెక్క తేలలేదు.

పెట్టుబడి భారం, డిజిటల్ సంస్థలకు కట్టే ఫీజులు తమవేనని నిర్మాతలు అంటారు. ఆ ఫీజుల మీదే 2018 మార్చి 2 నుంచి కొత్త సినిమాలు ఆపేశారు కూడా.

నేను వెళ్లిన ఆటకు తెగిన టికెట్లు 23. మేనేజర్ ఆ అంకెను రోజువారీ కలెక్షన్ రిపోర్టులో రాసి సంతకం చేశారు. ఆ సినిమాకు అది మూడో వారం, పర్సంటేజీ లెక్క.