యుద్ధం లేని రోజున పోయినవాళ్లు

2024 జనవరిలో రక్షణ శాఖ ఒక ప్రకటన ఇచ్చింది. చెన్నై తీరానికి దాదాపు 300 కిలోమీటర్ల దూరంలో, బంగాళాఖాతంలో 3,400 మీటర్ల లోతున ఒక విమానం శకలాలు కనిపించాయని, ఆ చుట్టుపక్కల ఇంకే విమానమూ పోయిన దాఖలా లేదు కాబట్టి అవి వాయుసేనకి చెందిన ఏఎన్-32 రవాణా విమానానివే అయ్యుంటాయని దాని సారాంశం. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఓషన్ టెక్నాలజీ వాళ్లు మనిషి లేకుండా నడిచే యంత్రాన్ని సముద్రం అడుక్కి దింపి తీసిన ఫోటోలవి. ఆ విమానం 2016 జూలై 22 ఉదయం తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి బయల్దేరి మధ్యలో రాడార్ మీద నుంచి మాయమైంది. అందులో 29 మంది ఉన్నారు. వాళ్లలో ఎనిమిది మంది విశాఖపట్నం నేవల్ ఆర్మమెంట్ డిపో (నౌకాదళ ఆయుధాగారం) ఉద్యోగులు, డ్యూటీ మీద అండమాన్ వెళ్తున్నవాళ్లు.

అంటే వైజాగ్‌లో ఎనిమిది ఇళ్లు ఏడున్నరేళ్లు ఒక ఫోటో కోసం ఎదురుచూశాయి. 2016 సెప్టెంబరులోనే వాయుసేన, వాళ్లంతా చనిపోయినట్టు భావిస్తున్నామని కుటుంబాలకు ఉత్తరాలు పంపింది. పెన్షన్, ఇన్సూరెన్స్ కాగితాలు కదలాలంటే ఆ ఉత్తరం ఉండాలి, అది నిజమే, లేకపోతే సాధారణ చట్టం ప్రకారం కనిపించకుండా పోయిన మనిషిని చనిపోయినట్టు భావించడానికి ఏడేళ్లు ఆగాలి. కానీ ఉత్తరం వచ్చినంత మాత్రాన ఇంట్లోవాళ్లకి మనిషి పోయినట్టు కాదు కదా. శవం చూడలేదు, ఎక్కడ పడిందో తెలీదు, తద్దినం ఏ తిథికి పెట్టాలో పంతులుగారిని అడగాలన్నా నోరు రాదు.

ఈ బాధ 2016తో మొదలైంది కాదు.

1968 ఫిబ్రవరి 7న చండీగఢ్ నుంచి లేహ్‌కి ఏఎన్-12 అనే పెద్ద రవాణా విమానం బయల్దేరింది. అందులో 102 మంది. వాతావరణం బాగాలేక వెనక్కి తిరిగింది, రోహ్‌తంగ్ కనుమ దగ్గర సంబంధం తెగిపోయింది. 35 ఏళ్లపాటు ఏ జాడా లేదు. 2003లో పర్వతారోహకుల బృందం ఒకటి హిమాచల్‌లోని ఢాకా హిమానీనదం మీద ఆ విమానం ముక్కలు చూసింది. అప్పటి నుంచి మంచు కరిగినప్పుడల్లా, సైన్యం వెతుకులాటకి వెళ్లినప్పుడల్లా ఒకటో రెండో దేహాలు బయటపడుతూ వచ్చాయి. 2024 సెప్టెంబరు చివర్లో డోగ్రా స్కౌట్స్, తిరంగా మౌంటెన్ రెస్క్యూ బృందానికి ఇంకో నలుగురు దొరికారు. 56 ఏళ్ల తర్వాత! మంచులో ఉండిపోయిన వాళ్లు ఇరవైల్లోనే ఆగిపోయారు, కేరళకి ఒకరిని తీసుకొస్తే తీసుకోవడానికి వచ్చిన తోబుట్టువులు ముసలివాళ్లు. అమ్మానాన్నలు అప్పటికే లేరు. ఈ వార్త చదివిన రోజు నాకు చాలాసేపు ఏ పనీ సాగలేదు. మిగిలిన తొంభై మందికి పైగా ఇంకా ఆ మంచులోనే ఉన్నారు.

ఏఎన్-32 విషయానికొస్తే, 1986 మార్చి 25న సోవియట్ యూనియన్ నుంచి కొత్తగా తెచ్చుకుంటున్న ఒక విమానం మస్కట్ దాటి జామ్‌నగర్ వస్తూ అరేబియా సముద్రంలో పోయింది. దాని ముక్క కూడా ఇప్పటిదాకా దొరకలేదు. 2009 జూన్‌లో అరుణాచల్‌లోని మెచుకా నుంచి వస్తూ ఒకటి కూలింది, 13 మంది పోయారు. దాదాపు పదేళ్లకి, 2019 జూన్ 3న, జోర్హాట్ నుంచి అదే మెచుకాకి వెళ్తూ ఇంకొకటి కూలింది. మళ్లీ 13 మందే. అప్పుడు ఆ కొండల్లో ఎనిమిది రోజులు వెతికితే గానీ శకలాలు కంటపడలేదు.

వీటిలో ఎక్కడా శత్రువు లేడు. రేషన్ మోసుకెళ్తూ, సెలవు నుంచి తిరిగి వెళ్తూ, రిపేరు పనికి వెళ్తూ పోయినవాళ్లు వీళ్లు. తెలుగు పేపర్లలో అయితే యుద్ధంలో పోయినా ప్రమాదంలో పోయినా ‘వీరమరణం’ అనే రాస్తారు, ఊళ్లో ఫ్లెక్సీ మీద ‘అమర జవాన్’ అనే ఉంటుంది. ఊరి లెక్క అది, మంచి లెక్కే. ఫైల్లో లెక్క వేరు.

ఆ ఫైల్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది కుటుంబాలకి ఇది మొదటిసారి తెలిసేది పదమూడో రోజు అయిపోయాకే. 2001 జనవరి 31న రక్షణ శాఖ ఇచ్చిన ఉత్తర్వు సైన్యంలో మరణాలని, వైకల్యాలని ఏ నుంచి ఇ దాకా ఐదు కేటగిరీలుగా విడదీసింది. సర్వీసుతో సంబంధం లేని మరణం ఏ. సర్వీసు వల్ల వచ్చిన జబ్బులు బి. డ్యూటీలో జరిగే ప్రమాదాలు సి, మామూలు విమాన ప్రమాదాలు వచ్చేది ఇందులోకే. ఉగ్రవాదులు, సంఘ వ్యతిరేక శక్తుల చేతిలో పోతే డి. యుద్ధం, సరిహద్దు పోరు లాంటివి ఇ. బి, సి కేటగిరీల్లో భార్యకి వచ్చేది స్పెషల్ ఫ్యామిలీ పెన్షన్, అంటే చివరి జీతంలో 60 శాతం. డి, ఇ అయితే లిబరలైజ్డ్ ఫ్యామిలీ పెన్షన్, చివరి జీతం మొత్తం. ఎక్స్‌గ్రేషియా 2016 నుంచి లెక్కేస్తే డ్యూటీలో ప్రమాదానికి రూ. 25 లక్షలు, యుద్ధంలో శత్రువు చేతిలో పోతే రూ. 45 లక్షలు. అంతకుముందు ఆరో వేతన సంఘం కాలంలో ప్రమాదానికి 10 లక్షలు, ఐదో వేతన సంఘం కాలంలో 5 లక్షలే ఉండేది కాబట్టి పెరగలేదని అనలేం.

సైన్యం భాషలో ప్రమాదంలో పోతే ‘ఫిజికల్ క్యాజువాల్టీ’, యుద్ధంలో పోతే ‘బ్యాటిల్ క్యాజువాల్టీ’. ‘షహీద్’ అనే మాట అసలు అధికారిక రికార్డుల్లో వాడమని కేంద్రం పార్లమెంటులో చాలాసార్లు చెప్పింది. యుద్ధంలో పోయినవారికి ఎక్కువ ఇవ్వడం తప్పని నేననను, కాల్పులకి ఎదురెళ్లినవాళ్ల త్యాగానికి ప్రత్యేక గుర్తింపు ఉండాల్సిందే. నా బాధల్లా ఆ గీత గీసే పద్ధతి గురించి. ఒకే రకం హెలికాప్టర్, ఒకే రకం వాతావరణం, ఒకటి ప్రభుత్వం నోటిఫై చేసిన ఆపరేషన్ ప్రాంతంలో పడితే ఒక కేటగిరీ కింద వాదించుకోవచ్చు, ఇంకొకటి దాని బయట పడితే ఇంకో కేటగిరీ. ఈ వాదన ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రైబ్యునల్ దాకా, హైకోర్టుల దాకా వెళ్లిన కుటుంబాలు ఉన్నాయి. చంటిపిల్లని చంకనేసుకుని లాయర్ చుట్టూ తిరగడం ఎంత టెన్షనో వేరే చెప్పక్కర్లేదు.

వైజాగ్ వాళ్ల పరిస్థితి ఇంకా వేరు. ఆ ఎనిమిది మందీ సివిలియన్లు. వాళ్లకి ఈ ఏ, బి, సి, డి ఉత్తర్వు కూడా వర్తించదు, కేంద్ర ప్రభుత్వ సివిల్ ఉద్యోగుల పెన్షన్ రూల్సే. ఒకే విమానం, ఒకే సముద్రం, పక్కపక్క సీట్లు, తీరా చూస్తే రూల్ పుస్తకాలు వేరు. ఆర్కే బీచ్‌లో ‘విక్టరీ ఎట్ సీ’ స్తూపం ముందు నుంచి రోజూ వేల మంది నడుస్తారు, అది 1971 యుద్ధానికి గుర్తు. ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన నేషనల్ వార్ మెమోరియల్ గోడల మీద యుద్ధాల్లో, ఆపరేషన్లలో పోయిన పాతిక వేలకి పైగా పేర్లున్నాయి. మామూలు రోజున డ్యూటీకి వెళ్లి పోయినవాళ్ల పేర్లు అందరికీ కనిపించేలా రాసిన అలాంటి జాతీయ గోడ ఒకటి ఎందుకు ఉండకూడదు అన్నది నాకు ఎప్పటికీ అర్థం కాని విషయం.

డబ్బు, పేరు ఒక ఎత్తు. ‘ఎందుకు కూలింది’ అన్న ప్రశ్న ఇంకో ఎత్తు.

ప్రయాణికుల విమానం కూలితే ఏఏఐబీ (విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ) విచారిస్తుంది, రిపోర్టు బయటపెడుతుంది. సైనిక విమానం దాని పరిధిలోకి రాదు. వాయుసేనే కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ, అంటే సొంత అంతర్గత విచారణ, వేసుకుంటుంది, ఆ రిపోర్టు మామూలుగా బయటికి రాదు. దీనికి సైన్యం చెప్పే కారణంలో కొంత న్యాయం ఉంది, శిక్ష భయం లేకపోతేనే సాక్షులు నిజం చెప్తారు, నిజం తెలిస్తేనే తర్వాతి ప్రమాదం ఆగుతుంది. కానీ కుటుంబానికి చివరికి దక్కేది ఒక్కోసారి రెండే రెండు మాటలు: ‘మానవ తప్పిదం’. 2021 డిసెంబర్ 8న కూనూర్ దగ్గర జనరల్ బిపిన్ రావత్ ప్రయాణిస్తున్న ఎంఐ-17వీ5 హెలికాప్టర్ కూలినప్పుడు దేశం మొత్తం చూసింది కాబట్టి నెల తిరగ్గానే కారణం చెప్పారు, వాతావరణం ఒక్కసారిగా మారి మేఘాల్లోకి వెళ్లడంతో పైలట్‌కి దిశ తెలియకుండా పోయిందని. మూడేళ్ల తర్వాత పార్లమెంటు స్థాయీ సంఘం రిపోర్టులో 2017-22 మధ్య వాయుసేన ప్రమాదాలు 34 అని లెక్క వచ్చింది, అందులో కూనూర్ ఎదురుగా కారణం ‘మానవ తప్పిదం’ అని ఉంది. ఆ రోజు పేపర్లన్నీ అదే హెడ్డింగ్ పెట్టాయి. ఆ హెడ్డింగ్‌ని ఆ పైలట్ల పిల్లలు కూడా చదువుతారు. ఆ హెలికాప్టర్‌లోనే మన అప్పటి చిత్తూరు జిల్లా లాన్స్ నాయక్ సాయితేజ కూడా ఉన్నాడు, ఆయన్ని గుర్తుపట్టడానికి డీఎన్ఏ పరీక్ష దాకా ఆగాల్సి వచ్చింది.

ఈ ‘పైలట్ తప్పు’ అనే మాట మీద గట్టిగా నిలబడి అడిగిన మొదటివాళ్లలో ఒక తల్లి ఉంది. 2001 సెప్టెంబరులో సూరత్‌గఢ్ దగ్గర రాత్రి పూట మిగ్-21 కూలి ఫ్లైట్ లెఫ్టినెంట్ అభిజిత్ గాడ్గిల్ చనిపోతే, తల్లి కవితా గాడ్గిల్ ఆ తప్పు నా కొడుకుదని ఎలా అంటారని బహిరంగంగా ప్రశ్నించింది, కొడుకు పేరు మీద విమాన భద్రత కోసం ఒక ఫౌండేషన్ పెట్టింది, ఆ వయసులో తనే విమానం నడపడం నేర్చుకుంది. 2012లో అప్పటి రక్షణ మంత్రి ఆంటోనీ పార్లమెంటుకి చెప్పిన లెక్క ఇది: 872 మిగ్‌లలో 482 ప్రమాదాల్లో పోయాయి, 171 మంది పైలట్లు, 39 మంది పౌరులు, ఇతర సర్వీసుల వాళ్లు 8 మంది చనిపోయారు. సగానికి పైగా విమానాలు కూలాక అన్ని తప్పులూ పైలట్లవే అంటే ఎలా? కుర్రాళ్లకి నేరుగా మిగ్ ఇచ్చేముందు అధునాతన శిక్షణ విమానం కావాలని లా ఫాంటేన్ కమిటీ 1982లోనే చెప్పింది. ఆ శిక్షణ కోసం హాక్ విమానాలు వచ్చింది 2007 చివర్లో. ఆ మధ్య పాతికేళ్లలో పోయిన పైలట్ల ఇళ్లకి ఈ ఆలస్యానికి ఎవరు జవాబు చెప్పారు? 2017లో ఢిల్లీ హైకోర్టు ఒక మాట అంది. 2005లో మిగ్-21 ప్రమాదం నుంచి బతికి బయటపడిన వింగ్ కమాండర్ సంజీత్ సింగ్ కైలా కేసులో, తయారీ లోపమున్న విమానం ఇచ్చి ఆయన్ని మామూలుకి మించిన ప్రమాదంలోకి నెట్టారని రూ. 55 లక్షల పరిహారం వేసింది. సైనికుడికి కూడా పనిచేసే చోట భద్రత అడిగే హక్కుందని ఒక కోర్టు ఒప్పుకోవడం నా దృష్టిలో చాలా పెద్ద విషయం. మిగ్-21 చివరికి 2025 సెప్టెంబర్ 26న రిటైరైంది.

హైదరాబాద్ చుట్టుపక్కల వాళ్లకి ఇవేవీ దూరపు వార్తలు కావు. దుండిగల్ ఎయిర్ ఫోర్స్ అకాడమీ ఇక్కడే. 2009 జూలై 31న మెదక్ జిల్లాలో హెచ్‌పీటీ-32 శిక్షణ విమానం కూలి ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లు చనిపోయాకే ఆ రకం విమానాలన్నిటినీ నేలమీద ఆపేశారు. అప్పటికి ఆ విమానాలు 19 మంది ప్రాణాలు తీశాయి. వాటి బదులు స్విట్జర్లాండ్ నుంచి పిలాటస్ శిక్షణ విమానాలు కొన్నారు. 2010 మార్చి 3న బేగంపేట ఎయిర్ షోలో నేవీ ‘సాగర్ పవన్’ జట్టు విమానం బోయిన్‌పల్లి ఇళ్ల మధ్య పడి ఇద్దరు పైలట్లు పోయారు. 2023 డిసెంబర్ 4న తూప్రాన్ దగ్గర పిలాటస్ కూలింది, ఒక ఇన్‌స్ట్రక్టర్, ఒక క్యాడెట్. క్యాడెట్ అంటే ఇంకా చదువుకుంటున్న కుర్రాడు.

బయట దేశాల్లో ఒకటి రెండు మంచి పనులు జరిగాయి, అవి చెప్పకుండా ఉండలేను. 1985 డిసెంబర్ 12న ఈజిప్టులో శాంతి పరిరక్షణ పని ముగించుకుని క్రిస్మస్‌కి ఇంటికెళ్తున్న 248 మంది అమెరికా సైనికులు కెనడాలోని గాండర్‌లో విమానం కూలి చనిపోయారు. కూలిన చోట ఒక విగ్రహం పెట్టారు, చేతిలో ఆయుధం లేని సైనికుడు, అటూ ఇటూ ఇద్దరు పిల్లలు. వాళ్ల సొంత స్థావరం ఫోర్ట్ క్యాంప్‌బెల్‌లో ఒక్కో మనిషికి ఒక్కో చెట్టు నాటారు. 1992 నవంబరులో అలాస్కాలో ఒక సైనిక విమానం కూలి ఎనిమిది మంది పోయారు, వాళ్లలో ఒకరి భార్య బానీ క్యారల్. సైనికుల కుటుంబాలకి దుఃఖంలో తోడుగా నిలిచే సంస్థ కోసం వెతికి, లేదని తెలిసి, 1994లో ట్యాప్స్ అనే సంస్థ తనే మొదలుపెట్టింది. ఆ సంస్థలో మనిషి ఎలా పోయాడని అడగరు. యుద్ధమా, ప్రమాదమా, జబ్బా, ఆత్మహత్యా, ఏదైనా ఆ కుటుంబానికి అదే చోటు, అవే మాటలు, అప్పటికే ఆ దారిలో నడిచిన ఇంకో భార్యో తల్లో పక్కన కూర్చుంటుంది.

మన దగ్గర జిల్లాకో సైనిక సంక్షేమ కార్యాలయం ఉంది, పిల్లలకి ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ ఉంది, సర్వీసుల గ్రూప్ ఇన్సూరెన్స్ ఉంది, యూనిట్ వాళ్లు మొదటి నెలల్లో ఇంటి మనుషుల్లాగే నిలబడతారు. తర్వాత యూనిట్ ఇంకో చోటికి మారిపోతుంది, క్వార్టర్ ఖాళీ చేయాలి, పిల్లల స్కూల్ మారాలి, ఫోన్లు తగ్గిపోతాయి. ఆ రెండో ఏడాది నుంచి ఎవరు పలకరిస్తారు అన్నదే అసలు సమస్య. మన ఊళ్లో అలాంటి ఇల్లుంటే ఆ తేదీ గుర్తుపెట్టుకుని వెళ్లండి. పెన్షన్ ఏ కేటగిరీలో పడిందో ఆ కాగితం చదివి చెప్పగలిగిన రిటైర్డ్ సుబేదారో వారంట్ ఆఫీసరో మీకు తెలిస్తే వెంటబెట్టుకుని వెళ్లండి, కేటగిరీ తప్పుగా పడి ఉంటే అప్పీలు చేసుకునే దారి ఉంది, చాలామందికి ఆ సంగతే తెలియదు.

ఈసారి జూలై 22న ఆ ఎనిమిది ఇళ్లల్లో ఏ ఒక్కరి పిల్లలైనా మీకు తెలిస్తే, వాళ్ల నాన్న ఎక్కడున్నాడో ఇప్పుడు వాళ్లకి తెలుసు. 3,400 మీటర్ల కింద. ఆయన పేరు ఎత్తి మాట్లాడండి.