ఈసీ మీటర్‌లో అంకె తప్పితే ముందు ప్రోబ్‌ని చూడండి

ఈసీ (విద్యుత్ వాహకత) మీటర్ ప్రోబ్‌ని నీళ్లలో ముంచగానే ఒక అంకె వస్తుంది, అదే నీటి విద్యుత్ వాహకత అనుకుంటాం. నిజానికి మీటర్‌కి తెలిసేది ఒక్కటే: ప్రోబ్‌లోని ఎలక్ట్రోడ్ల మధ్య ఉన్న ఆ కాస్త నీటిలోంచి ఎంత కరెంటు పోతోంది అని. ఈ ఎలక్ట్రోడ్ పలకలు దగ్గరైతే కరెంటు ఎక్కువ, దూరమైతే తక్కువ, పెద్దవైతే మళ్లీ ఎక్కువ. దూరాన్ని పలక వైశాల్యంతో భాగిస్తే సెల్ కాన్‌స్టంట్ వస్తుంది, మీటర్ తను చూసినదాన్ని దాంతో గుణించి మనకి వాహకత చెబుతుంది. అయితే కరెంటు పలకల మధ్య తిన్నగానే పోదు, అంచుల దగ్గర బయటికి వంగి కూడా పోతుంది కాబట్టి స్కేలు పెట్టి కొలిస్తే ఈ కాన్‌స్టంట్ సరిగ్గా తేలదు. అందుకే వాహకత ముందే తెలిసిన ద్రావణంలో, అంటే స్టాండర్డ్‌లో, ప్రోబ్‌ని ముంచి వెనక్కి లెక్క కడతాం. కేలిబ్రేషన్ అంటే ఇదే.

ఎక్కువగా వాడేది పొటాషియం క్లోరైడ్ ద్రావణం. లీటరుకి 0.01 మోల్ ఉంటే 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర దాని వాహకత సెంటీమీటరుకి 1413 మైక్రోసీమెన్స్. అదే సీసా 20 డిగ్రీలకి చల్లబడితే 1278 మాత్రమే! అయాన్లు వేడిలో చురుగ్గా కదులుతాయి మరి, డిగ్రీకి సుమారు 2 శాతం తేడా వస్తుంది. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. మీటర్‌లో ఉష్ణోగ్రత సవరణ ఆన్‌లో ఉండి, అది 25 డిగ్రీలకి మార్చి చూపిస్తుంటే మీరు మీటర్‌కి 1413 అనే ఇవ్వాలి; సీసా మీది పట్టిక చూసి 1278 ఇచ్చారంటే సవరణ రెండుసార్లు జరిగి, ఆ తర్వాత తీసే ప్రతి రీడింగూ దాదాపు 10 శాతం తక్కువ చూపిస్తుంది. ప్రోబ్, ద్రావణం రెండూ ఒకే ఉష్ణోగ్రతకి వచ్చేదాకా ఆగడం కూడా అంతే ముఖ్యం.

ముంచే ముందు ప్రోబ్‌ని స్టాండర్డ్ ద్రావణంతోనే ఒకసారి కడిగి, ఆ కడిగినది పారబోసి, తాజాగా పోసుకోండి. బుడగ ఇరుక్కుంటే కరెంటు పోయే దారి తగ్గిపోతుంది, కాస్త తట్టి వదిలించాలి. వాడిన ద్రావణాన్ని తిరిగి సీసాలో పోయొద్దు. 84 మైక్రోసీమెన్స్ లాంటి పలచని స్టాండర్డ్‌తో అయితే మరీ జాగ్రత్త, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరిగినా దాని విలువ మారుతుంది.

నాకు అన్నిటికంటే బాధ కలిగించే అలవాటు, మురికి ప్రోబ్‌ని అలాగే కేలిబ్రేట్ చేయడం. పలకల మీద నూనో, సున్నపు పొరో పేరుకుంటే వైశాల్యం తగ్గి కాన్‌స్టంట్ పెరుగుతుంది. మీటర్ కిమ్మనకుండా ఆ కొత్త విలువని ఒప్పేసుకుంటుంది, పొర ఊడిన రోజు రీడింగులన్నీ ఎగిరిపోతాయి. కాబట్టి కాన్‌స్టంట్‌ని ప్రతిసారీ రాసిపెట్టుకోండి, 1.00 ఉన్నది 1.12 అయిందంటే ముందు శుభ్రం చేయండి. నూనెకి డిటర్జెంట్ నీళ్లు, సున్నపు పొరకి పలచని ఆమ్లం. నల్ల ప్లాటినం పూత ఉన్న పలకల్ని మాత్రం రుద్దొద్దు, పూత లేచిపోతుంది.

చివర్లో 12.88 మిల్లీసీమెన్స్ (అంటే 12,880 మైక్రోసీమెన్స్) స్టాండర్డ్‌లో ముంచి, ఏమీ మార్చకుండా ఊరికే చూడండి. 1413 దగ్గర సరిగ్గా ఉండి ఇక్కడ తక్కువ చూపిస్తుంటే, పలకల దగ్గర అయాన్లు గుమిగూడి కరెంటుకి అడ్డుపడుతున్నాయేమో అనుమానించాలి. దీన్ని తగ్గించడానికే మీటర్లు ఏసీ కరెంటు వాడతాయి, అయినా గాఢ ద్రావణాల్లో పూర్తిగా పోదు. అప్పుడు కాన్‌స్టంట్ 10 ఉన్న ప్రోబ్‌కో, నాలుగు ఎలక్ట్రోడ్ల ప్రోబ్‌కో మారాలి.