మజిల్ కారు చట్రంలో మెలిని ఆపే విద్య

జనరల్ మోటార్స్‌లో భాగమైన పాంటియాక్ సంస్థ 1964లో తన మధ్యస్థాయి కారులో 389 ఘనపుటంగుళాల భారీ వీ8 ఇంజిన్‌ను దించి జీటీవో పేరుతో అమ్మకానికి పెట్టినప్పటి నుంచి అమెరికాలో మజిల్ కార్ల జోరు మొదలైంది. ఆ కార్ల ప్రస్తావన వస్తే అందరూ ముందుగా చెప్పుకొనేది హార్స్‌పవర్ గురించే. అయితే వాటిని నేటికీ విప్పి, బాగుచేసి, నడుపుతున్న ఔత్సాహికుల నోట బాక్సింగ్, సబ్‌ఫ్రేమ్ కనెక్టర్, టార్క్ బాక్స్, ఎక్స్‌పోర్ట్ బ్రేస్ అనే మాటలు కూడా అంతే తరచుగా వినిపిస్తాయి. ఇవన్నీ కారు నడుము మెలితిరగకుండా చేసే ఏర్పాట్ల పేర్లు.

ఆ మెలి చిన్నది కాదు. క్రైస్లర్ 426 హెమీ ఇంజిన్ 490 పౌండ్-అడుగుల టార్క్, అంటే తిప్పే బలం, ఇస్తుంది. మొదటి గేరులో అది రెండున్నర రెట్లకు పైగా పెరిగి, వెనుక యాక్సిల్‌కు బలాన్ని చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టును తిప్పుతుంది. షాఫ్టు ఒకవైపు తిరుగుతుంటే, దానికి ప్రతిచర్యగా ఇంజిన్ మౌంట్ల ద్వారా కారు ముందుభాగం రెండోవైపు తిరగబోతుంది, వెనుక యాక్సిల్ మాత్రం షాఫ్టు తిరిగే దిశలోనే పొర్లాలని చూస్తుంది. తిన్నని దారిలో వేగాన్ని పోటీపడే డ్రాగ్ రేసు ఆరంభంలో ముందు ఎడమ చక్రం పైకి లేవడం దీనివల్లనే. ఈ రెండు ఎదురుబొదురు బలాల మధ్య నలిగేది చట్రం.

చట్రం మెలితిరగడమనేది ఇనుము ఎంత వాడారన్న దానికంటే ఆ ఇనుము ఏ ఆకారంలో ఉన్నదన్న దానిపైనే ఎక్కువగా ఆధారపడుతుంది. ఒక పీవీసీ గొట్టాన్ని రెండు చేతులతో పట్టుకుని తడిబట్టను పిండినట్టు మెలిపెడితే అది కదలదు; అదే గొట్టాన్ని ఒకచోట పొడవునా రంపంతో చీల్చి మెలిపెడితే, చీలిక అంచులు ఒకదాని పక్కన ఒకటి జారిపోతూ సులువుగా మెలితిరుగుతుంది. పోయిన పదార్థం రంపపు పొట్టు మాత్రమే, కానీ గొట్టం చుట్టూ ఆగకుండా తిరిగి రావలసిన కోత బలానికి దారి తెగిపోయింది. దీనిని లెక్కలోనూ చూడవచ్చు. ఒక్కో పక్క 75 మిల్లీమీటర్లు, మందం 3 మిల్లీమీటర్లు ఉన్న మూడు పక్కల సీ-చానల్ తీసుకుని, తెరిచి ఉన్న నాలుగో పక్కను అదే మందం రేకుతో మూసి వెల్డు చేస్తే, ఇనుము బరువు మూడో వంతు పెరుగుతుంది, నిలువుగా వంగకుండా ఉండే గుణం సుమారు 14 శాతం పెరుగుతుంది, మెలికి ఎదురు నిలిచే గుణం మాత్రం సిద్ధాంతరీత్యా 625 రెట్లవుతుంది. నిజమైన కారులో అడ్డంగా ఉండే క్రాస్ మెంబర్లు, అతుకులు, బాడీ అన్నీ కలిసి పనిచేస్తాయి కాబట్టి మొత్తం చట్రానికి దక్కే లాభం ఇంతకంటే చాలా తక్కువగానే ఉంటుంది. అయినా ఈ అంకె చూసినవారికి బాక్సింగ్ మీద ఔత్సాహికులకు అంత నమ్మకం ఎందుకో బోధపడుతుంది.

జనరల్ మోటార్స్ వారి షెవెల్, జీటీవో వంటి కార్లు విడి ఫ్రేమ్ మీద బాడీని బిగించిన రకానివి. పైకప్పు ఉన్న షెవెల్ కూపేకు పక్క కమ్ములు తెరిచిన చానల్‌గానే ఇచ్చిన కంపెనీ, పైకప్పు లేని కన్వర్టిబుల్‌కు మాత్రం మూసిన కమ్ములు ఇచ్చింది. కూపే ఫ్రేముకు నాలుగో పక్క అతికించడమే బాక్సింగ్. ఇక్కడ మన లారీలను గుర్తుచేసుకోవడం అవసరం. విజయవాడ ఆటోనగర్‌లో బాడీ కట్టించుకోవడానికి వచ్చిన లారీ చాసిస్‌ను పక్కనుంచి చూస్తే పొడవాటి కమ్ములు తెరిచిన చానళ్లుగానే కనిపిస్తాయి. అది లోపం కాదు. గతుకుల దారిలో నాలుగు మూలలా చక్రాలు నేలను వదలకుండా ఉండాలంటే లారీ చట్రం కొంత మెలితిరగాలి, పగుళ్లివ్వకుండా తిరిగి సర్దుకోవాలి. వేగంగా మలుపు తిరగవలసిన కారుకు కావలసింది దీనికి భిన్నం.

1964 ఏప్రిల్‌లో వచ్చిన ఫోర్డ్ మస్టాంగ్‌కు విడి ఫ్రేమ్ లేదు; ఫోర్డ్‌వారి చిన్న కారు ఫాల్కన్ పునాదిగా బాడీనే చట్రంగా మలిచిన యూనిబాడీ అది. దాని కిందకు దూరి చూస్తే ముందు కమ్ములు ముందు సీట్ల కింద ఆగిపోయి ఉంటాయి, వెనుక కమ్ములు వెనుక సీటు దగ్గర మొదలవుతాయి, మధ్యలో ఉన్నది పల్చని నేల రేకు, తలుపుల కింద సాగే రాకర్లు మాత్రమే. ఆ ఖాళీని పూరించే కమ్మీలే సబ్‌ఫ్రేమ్ కనెక్టర్లు. జనరల్ మోటార్స్ వారి 1967 కమారోలో సంగతి ఇంకొంచెం జటిలం, ఎందుకంటే ఇంజిన్‌ను మోసే ముందు సబ్‌ఫ్రేమ్ విడి వస్తువు, రబ్బరు బుష్‌ల మీదుగా బోల్టులతో బాడీకి తగిలించి ఉంటుంది. అందుకే కమారో యజమానులు కనెక్టర్లతో పాటు రబ్బరు స్థానంలో అల్యూమినియం బుష్‌లు కూడా వేయిస్తారు, కొంత అదురు పెరుగుతుందని తెలిసి కూడా.

యూనిబాడీ కారు మొత్తాన్నీ ఒక పెద్ద గొట్టంగా భావిస్తే, పైకప్పు తీసేయడం దానిని పొడవునా చీల్చడంతో సమానం. ఈ నష్టాన్ని పూడ్చడానికి మస్టాంగ్ కన్వర్టిబుల్‌లో రాకర్లను బలపరిచి, ముందు కమ్మీని రాకర్‌తో కలిపే పెట్టె ఆకారపు ముక్కలు అమర్చారు. అవే టార్క్ బాక్సులు. కమ్మీ మీద పడిన బలం నేల రేకును చింపకుండా పక్కనున్న రాకర్‌లోకి మళ్లడానికి అవి దారి కల్పిస్తాయి. అయితే 1979 నుంచి 1993 వరకు వచ్చిన ఫాక్స్‌బాడీ మస్టాంగ్ వారు టార్క్ బాక్స్ చిరిగిందని అంటే, వెనుక యాక్సిల్‌ను బాడీకి కలిపే కంట్రోల్ ఆర్ములు తగిలే చోటు గురించి మాట్లాడుతున్నారని అర్థం. విడిభాగాలు కొనేటప్పుడు ఈ తేడా తెలిసి ఉండాలి. కమారో కన్వర్టిబుల్‌కు జనరల్ మోటార్స్ మరో ఉపాయం కూడా జోడించింది. నాలుగు మూలలా బరువైన డబ్బాలు అమర్చి, వాటిలో స్ప్రింగు మీద ఊగే బరువుతో అదురును మింగించింది. ఔత్సాహికులు వాటిని కాక్‌టెయిల్ షేకర్లు అంటారు. అవి మెలిని ఆపవు, మెలి వల్ల పుట్టే వణుకును దాస్తాయంతే.

ఎక్స్‌పోర్ట్ బ్రేస్ విదేశాలకు పంపే కార్ల కోసం ఫోర్డ్ చేసినది. ఇంజిన్ గదిలో స్ప్రింగులను మోసే రెండు టవర్లనూ వెనుకనున్న కౌల్‌కు, అంటే ముందు అద్దం కింది అడ్డ భాగానికి, ఒకే ముక్కతో కలిపి త్రిభుజాకారపు కట్టు వేస్తుంది. రెండు టవర్లనూ అడ్డంగా కలిపే కమ్మీని మాంటే కార్లో బార్ అంటారు. మస్టాంగ్‌నే మార్చి చేసిన 1965 షెల్బీ జీటీ350లో ఈ రెండూ ఉన్నాయి.

ఇంత శ్రమ దేనికంటే, మెత్తని చట్రం షాక్ అబ్సార్బర్ లేని అదనపు స్ప్రింగులా ప్రవర్తిస్తుంది. మలుపులో కారు పక్కకు ఒరగకుండా ఆపే ముందు యాంటీరోల్ బార్ మందం పెంచినా, ఆ మార్పు వెనుక చక్రాలకు చేరకముందే నడుములో కరిగిపోతుంది. కాబట్టి పెద్ద ఇంజిన్‌కో, ఖరీదైన సస్పెన్షన్‌కో డబ్బు పెట్టేముందు కనెక్టర్లకు పెట్టడమే సరైన వరుస అని నా అభిప్రాయం. బోల్టులతో బిగించే రకం కంటే వెల్డు చేసే రకమే మేలు. బోల్టు రంధ్రాల దగ్గర వచ్చే కొద్దిపాటి జారుడే చాలా లాభాన్ని తినేస్తుంది. వెల్డింగ్ చేసేటప్పుడు మాత్రం కారు బరువు దాని చక్రాల మీదే ఉండాలి. నడుము మధ్యలో జాకీలు పెట్టి లేపిన కారుకు కనెక్టర్లు అతికిస్తే, ఆ వంపు అలాగే శాశ్వతంగా బిగిసిపోయి తలుపులు సరిగా పడవు. అనుభవమున్న పనివారు ముందుగా తలుపు చుట్టూ ఉన్న సందును పైనా కిందా కొలిచి రాసుకుంటారు, వేడికి రేకు వంకరపోకుండా కొద్దికొద్దిగా కుడి ఎడమలు మార్చుతూ చిన్న చిన్న వెల్డు టాకాలు వేస్తారు, ప్రతి విడత తరువాత ఆ సందును మళ్లీ కొలుస్తారు.