ఇంటర్ లెక్కలు వేరు, డిగ్రీ లెక్కలు వేరు: కొన్ని అపోహలు, వాస్తవాలు

జూన్ వస్తే చాలు, విజయనగరంలో మా కాలేజీ వరండాలో ఇదే మాట. "మా గుంటడికి ఇంటర్ లెక్కల్లో నూటికి తొంభై ఐదు మాస్టారూ, డిగ్రీలో ఇంక బెంగ లేదు కదా?" మొన్న చీపురుపల్లి నుంచి వచ్చిన ఒకాయన అడిగారు. బెంగ ఉంది. నేను చూసినంతలో పిల్లల్ని ఎక్కువగా ముంచిన అపోహ ఇదే.

ఇంటర్‌లో సూత్రం గుర్తుంచుకుని, అంకెలు వేసి, జవాబు రాబడితే సరిపోతుంది. డిగ్రీలో రియల్ ఎనాలిసిస్ (ఫంక్షన్ల గురించిన సిద్ధాంతాల్ని నిరూపించే పేపరు) దగ్గరికొచ్చేసరికి జవాబు వాళ్లే ఇచ్చేసి, అది ఎందుకు నిజమో చూపించమంటారు. మనవాళ్లు వెంటనే గైడు కొని సిద్ధాంతాలు బట్టీ పడతారు. దాంతో పాసైపోతారు కూడా, తంటా అంతా అక్కడే.

నేనూ ఆ బాపతే. ఇంటర్‌లో 300కి 288, ఎమ్మెస్సీ మొదటి ఇంటర్నల్‌లో 20కి 5. కంటిన్యుటీ (గ్రాఫు ఎక్కడా తెగకుండా ఉండటం) నిర్వచనం కామా పోకుండా రాశాను, యూనిఫామ్ కంటిన్యుటీకి కూడా ఇంచుమించు అదే రాశాను, రెండింట్లోనూ ఆ ఎప్సిలాన్, ఆ డెల్టాలే కదా అని. జవాబులో ఎంత తేడాకి ఒప్పుకుంటామో అది ఎప్సిలాన్, దానికోసం ఎక్స్‌ని ఎంత దగ్గరగా ఉంచాలో అది డెల్టా. ఇప్పుడు క్లాసులో బోర్డు మీద రెండు వాక్యాలు రాస్తాను. "ప్రతి మనిషికీ ఒక తల్లి ఉంది." "ఒక తల్లి ఉంది, ఆమె అందరికీ తల్లి." రెండోది మా ఊరి అమ్మవారు పైడితల్లమ్మ సార్, అని వెనక బెంచీలోంచి ఎవరో ఒకరు అంటారు. అంతే తేడా. కంటిన్యుటీలో ఏ బిందువు డెల్టా దానిదే, యూనిఫామ్‌లో అన్నిటికీ ఒకే డెల్టా సరిపోవాలి. ఎక్స్ స్క్వేర్ గ్రాఫ్ కుడికి పోయేకొద్దీ నిటారుగా లేస్తుంది, డెల్టా చిన్నదైపోతూనే ఉంటుంది, అందరి తల్లి దొరకదు. సున్నా నుంచి ఒకటి వరకే చూడండి, దొరుకుతుంది.

ఎమ్మెస్సీ కోసం ఐఐటీలకు వెళ్లే జామ్ పరీక్షలో బట్టీ గుట్టు బయటపడుతుంది. కొన్ని ప్రశ్నల్లో నాలుగు వాక్యాలిచ్చి నిజమైనవన్నీ గుర్తించమంటారు, ఒక్కటి వదిలేసినా మార్కు రాదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. జామ్ రాయడానికి జేఈఈ రాసి ఉండక్కర్లేదు, వయసు పరిమితి లేదు, కానీ పరీక్ష ఫిబ్రవరిలో అయితే దరఖాస్తులు అంతకు ముందు శరదృతువులోనే, దసరా హడావిడిలో మర్చిపోతారు. లెక్కలు చదివితే బీఈడీ, టీచరు పోస్టు తప్ప దారి లేదన్నది వట్టి పుకారు. సి.ఆర్.రావు గారు మన ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కల్లో ఎమ్మే చేసి, కలకత్తా వెళ్లి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు, 2023లో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ అందుకున్నారు. అంత దూరం వద్దంటారా, ఇన్సూరెన్స్ కంపెనీల్లో యాక్చువరీ పని (రిస్కు లెక్కగట్టి ప్రీమియం తేల్చడం) ఉంది, దాని ప్రవేశ పరీక్ష ఇంటర్ పాసైతే రాయొచ్చు. డేటా ఉద్యోగాలకు లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ పనికొస్తాయి, పక్కన ప్రోగ్రామింగ్ లేకపోతే ఎవరూ పిలవరు, అది దాచను.

తెలుగు మీడియం అని టెన్షన్ పడే పిల్లలూ, మూడు నెలలు కష్టంగా ఉంటుంది. నాకూ ఉంది.

ఆ చీపురుపల్లి గుంటడిని, మైనస్ ఇంటూ మైనస్ ప్లస్ ఎందుకవుతుందని అడిగాను. "రూలు సార్" అన్నాడు. ఆలోచించి రమ్మన్నాను. మర్నాడు ఉదయం పది గంటల బస్సుకే దిగాడు, వాళ్ల నాన్న అప్పు లెక్కతో ఏదో చెప్పాడు. సగం తప్పు. గైడులోది మాత్రం కాదు.