ఐజీఈ పాజిటివ్ వచ్చినవన్నీ మానేయాలా? ఎలర్జీలపై అపోహలు - వాస్తవాలు

పెద్ద ఫుడ్ ప్యానెల్ (ఎన్నో ఆహారాలకు రక్తంలో ఐజీఈ అనే ఎలర్జీ యాంటీబాడీ ఉందేమో ఒకేసారి చూసే పరీక్ష) చేయించి, పాజిటివ్ వచ్చిందని గోధుమ, టమాటా, అరటిపండు, కందిపప్పు అన్నీ మాన్పించి, పిల్లాడు చిక్కిపోయాక వచ్చే తల్లిదండ్రులు ఎందరో. వాళ్ల భయంలో తప్పు లేదు. ఆ భయాన్ని పెంచే వాట్సాప్ జాబితాలే నాకు కోపం తెప్పిస్తాయి.

అపోహ: ఐజీఈ పాజిటివ్ అంటే ఆ ఆహారం పడదు.

వాస్తవం: అందులోని ఏదో ఒక ప్రోటీన్‌ను మీ ఐజీఈ పట్టుకుందని మాత్రమే దానర్థం. ఏ ప్రోటీన్ అన్నదే అసలు ప్రశ్న. యాంటీబాడీ గుర్తుపట్టేది ప్రోటీన్ పైభాగపు ఆకారాన్ని. ప్రొఫిలిన్ అనే ప్రోటీన్ దాదాపు అన్ని మొక్కల్లోనూ ఒకే తీరున మడత పడి ఉంటుంది. గరిక పుప్పొడిలోని ప్రొఫిలిన్‌పై ఐజీఈ తయారైతే గోధుమ, టమాటా, అరటి, కర్బూజ అన్నీ పాజిటివ్ చూపించొచ్చు. మొక్కల ప్రోటీన్లకు అంటుకుని ఉండే చక్కెర గొలుసులదీ ఇదే తంతు. వాటివల్ల లక్షణాలు రావడం బహు అరుదు. ప్రొఫిలిన్ వేడికీ, కడుపులోని పెప్సిన్ అనే జీర్ణ ఎంజైమ్‌కూ తట్టుకోలేదు. సాధారణంగా పచ్చి పండు తింటే నోరు దురద పెడుతుంది, అంతే.

వేరుశనగలోని అరా హెచ్ 2 అనే ప్రోటీన్ అలా కాదు. డైసల్ఫైడ్ బంధాలు (గంధకపు లంకెలు) బిగించి ఉంచడంతో వేయించినా, జీర్ణరసాల్లో పడినా దాని ఆకారం చెదరదు. ప్రాణం మీదికి తెచ్చేది ఇలాంటి ప్రోటీనే. అందుకే వేరుశనగ పాజిటివ్ వస్తే అరా హెచ్ 2 విడిగా చేయించమని డాక్టర్‌ను అడగండి.

ఏదైనా మాన్పించే ముందు చూడాల్సింది ఒకటే: అది తిన్న రెండు గంటల్లోపు దద్దుర్లు, వాంతులు, ఆయాసం వచ్చాయా? హాయిగా తింటున్నదాన్ని రిపోర్టు చూసి ఆపకండి. ముఖ్యంగా ఎగ్జిమా (దురద పెట్టే చర్మవ్యాధి) ఉన్న పిల్లల్లో నెలల తరబడి ఆపితే, మళ్లీ పెట్టినప్పుడు నిజంగానే రియాక్షన్ రావచ్చు. అనుమానం మిగిలితే ఆసుపత్రిలో డాక్టర్ ఎదుట కొద్దికొద్దిగా తినిపించి తేల్చుకోవాలి.

మిగతావి క్లుప్తంగా. వేరుశనగ పడనివారిలో చాలామంది కంది, పెసర తినగలరు. జీడిపప్పు పడకపోతే మాత్రం పిస్తా జోలికి పోవద్దు. రొయ్యల్లో ఎలర్జీ తెచ్చే ట్రోపోమయోసిన్ అనే ప్రోటీన్ ఉడికించినా పోదు. ఇంటి దుమ్ములోని సూక్ష్మ పురుగు డస్ట్ మైట్‌లోనూ, బొద్దింకలోనూ దాని పోలిక ప్రోటీనే ఉంటుంది కాబట్టి దుమ్ము ఎలర్జీ వాళ్లకు రొయ్య ఉత్తుత్తి పాజిటివ్ చూపించొచ్చు. చేపల్లో ప్రధాన ఎలర్జెన్ వేరు, పార్వాల్బుమిన్. యూరప్‌లో ఉంటూ బర్చ్ అనే చెట్టు పుప్పొడి పడని మనవాళ్లు ఉడికించిన యాపిల్ సాధారణంగా తినగలరు. సోయా పాలతో మాత్రం జాగ్రత్త, కొందరికి గొంతు వాస్తుంది. ఐజీజీ (ఐజీఈ కాని వేరే రకం యాంటీబాడీ) ఫుడ్ టెస్టులకు డబ్బు తగలేయకండి.

చర్మంపై చిన్నగా గుచ్చి చూసే స్కిన్ ప్రిక్ టెస్టుకు వారం ముందు సెట్రిజిన్ ఆపాలి, అదీ డాక్టర్‌తో మాట్లాడాకే. పండు మీద అనుమానముంటే తాజా పండే తీసుకెళ్లండి. టెస్టుకు వాడే సీసాలోని ద్రావణంలో ఆ సున్నితమైన ప్రోటీన్లు చెడిపోయి ఉండొచ్చు.