రేడియేషన్‌కి కమిలిన చర్మం: మొక్కల మందులు ఎంతవరకు?

కేన్సర్‌కి రేడియేషన్ తీసుకునేవాళ్లలో దాదాపు అందరికీ ఎంతోకొంత చర్మం దెబ్బతింటుంది. మొదటి రోజుల్లో ఏమీ తెలియదు. రెండు మూడు వారాలకు ఎర్రబడి మండుతుంది, పొట్టు రాలుతుంది. కొందరికి చంకలోనో మెడ మడతలోనో పైపొర ఊడి రసి కారుతుంది. ఇంత ఆలస్యం ఎందుకంటే, కిరణాల దెబ్బ ఎక్కువగా తగిలేది పైపొర అడుగున నిత్యం విభజన చెందుతుండే కణాలకి. పైనున్న పాత కణాలు ఎప్పటిలాగే రాలిపోతుంటాయి, వాటి స్థానంలోకి కింది నుంచి కొత్తవి రావు.

నిప్పు అంటుకుంటే కాలేది ఒక్కసారే. రేడియేషన్ అలా కాదు. వారానికి ఐదు రోజులు, తరచుగా రోజుకు 2 గ్రే (రేడియేషన్ మోతాదుకి కొలమానం) చొప్పున, వారాల తరబడి అదే చోట పడుతుంది. మానే వ్యవధే ఉండదు. సన్నటి రక్తనాళాలు దెబ్బతింటాయి, వాపు చల్లారదు.

యాంటీఆక్సిడెంట్లు ఫ్రీ రాడికల్స్‌ని, అంటే కణాలను దెబ్బతీసే చురుకైన అణువులను, పట్టేస్తాయి కాబట్టి మొక్కల పదార్థాలు మంచివని చాలామంది అంటారు. ఇది సగం నిజమే. కిరణం నీటి అణువును చీల్చినప్పుడు పుట్టే హైడ్రాక్సిల్ రాడికల్ సెకనులో వందకోట్లో వంతు స్థాయి కాలంలోనే పక్కనున్న డీఎన్ఏనో, ఇంకో అణువునో కొట్టేసి మాయమవుతుంది. సాయంత్రం రాసిన లేపనం పొద్దుటి దెబ్బను ఆపలేదు. ఆ తర్వాత రోజుల తరబడి సాగే వాపును తగ్గించడంలోనే వీటికి నిజమైన అవకాశం ఉంది. పసుపులోని కర్క్యుమిన్, గ్రీన్ టీలోని ఈజీసీజీ వాపు సంకేతాలను అణచడం ప్రయోగశాలల్లో బాగానే కనిపించింది.

మరి మనుషుల్లో? అమెరికాలో 30 మంది రొమ్ము కేన్సర్ రోగులపై చేసి 2013లో ప్రచురించిన ప్రయోగంలో, రోజుకు 6 గ్రాముల కర్క్యుమిన్ మింగినవాళ్లలో రసి కారే పుండ్లు 29 శాతం మందికే వచ్చాయి. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 88 శాతం మందికి వచ్చాయి. ఎంత ఆశ పుట్టించే తేడా! కానీ తర్వాత దాదాపు 700 మందితో చేసిన పరీక్షలో చెప్పుకోదగ్గ ప్రయోజనం తేలలేదు. కాలెండ్యులా పూల లేపనం కథా ఇంతే: ఫ్రాన్స్‌లో చేసి 2004లో ప్రచురించిన పరీక్షలో 254 మందిపై మంచి ఫలితం, తర్వాత స్వీడన్‌లో మామూలు క్రీముతో పోలిస్తే తేడా లేదు. కలబందను ఎక్స్‌రే గాయాలకు వాడినట్టు 1935 నుంచే వైద్య పత్రికల్లో ఉన్నా, తర్వాతి పరీక్షలు దానికి పెద్దగా మద్దతివ్వలేదు.

ప్రస్తుతానికి నాకు ఎక్కువ ఆశ కలిగిస్తున్నది ఈజీసీజీ. చైనాలో చేసి 2022లో ప్రచురించిన పరీక్షలో, ఆ ద్రావణాన్ని మొదటి రోజు నుంచే చర్మంపై స్ప్రే చేశారు. ఓ మోస్తరు, అంతకు మించిన గాయాలు ఉత్తుత్తి ద్రావణం వాడినవాళ్లలో 72 శాతం మందికి వస్తే, దీన్ని వాడినవాళ్లలో 50 శాతం మందికే వచ్చాయి. రుద్దక్కర్లేదు, పైగా మందు చాలావరకు చర్మం దగ్గరే ఉంటుంది. మింగే మాత్ర అలా కాదు, రక్తంతో పాటు కణితి దాకా వెళ్తుంది. ఎక్కువ మోతాదు యాంటీఆక్సిడెంట్లు కణితికీ రక్షణ ఇవ్వొచ్చన్న అనుమానంతోనే, చికిత్స సాగుతున్నప్పుడు అలాంటి మాత్రలు సొంతంగా మొదలుపెట్టొద్దని డాక్టర్లు చెబుతారు.