పూల్ టోర్నమెంట్ డబ్బు: ఆటగాళ్లు, ప్రమోటర్ల గురించి అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో పూల్ (టేబుల్ మీద కర్రతో బంతుల్ని కొట్టి పాకెట్లలో వేసే ఆట) టోర్నమెంట్లు నడపడం నా పని. ఎవరితో ఎవరు ఆడాలో డ్రా వేస్తాను, టేబుళ్లు చూసుకుంటాను, గొడవ వస్తే మధ్యలో నిలబడతాను. అంతకుముందు చాలా ఏళ్లు ఆడాను. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ పార్లర్లలో మన తెలుగు కుర్రాళ్లు చాలామంది ఆడతారు. వాళ్ల నోట తరచూ వినే మాటలకు ఇవి నా జవాబులు.

అపోహ: పోస్టర్ మీద వేసిన ప్రైజ్ మనీ అంతా ప్రమోటర్ (పోటీ పెట్టేవాడు) జేబులోదే.

మొన్న ఒక కుర్రాడు ఫోన్‌లో పోస్టర్ చూపించి, "అన్నా, 2 లక్షలంట! ఆఫీసుకు లీవ్ పెట్టేస్తున్నా" అన్నాడు.

"ఎంట్రీ ఎంత? ఎంతమంది?"

"2 వేలు అన్నా. 64 మంది."

డ్రా షీటు వెనక్కి తిప్పి పెన్ను వాడి చేతికే ఇచ్చాను. లెక్క వేస్తే 1,28,000 వచ్చింది. అంటే ప్రమోటర్ పైన కలిపేది 72 వేలు. మేం యాడెడ్ మనీ అనేది దీన్నే. మిగతాదంతా నువ్వూ, నీ ఎదురుగా ఆడేవాడూ కట్టిందే. 72 వేలు కలపడం చిన్న విషయమేం కాదు, అలా కలిపేవాళ్లంటే నాకు గౌరవం. కానీ 40 మందే వస్తే ఆ 2 లక్షలు అలాగే ఉంటాయా? పోస్టర్‌ను పెద్దది చేసి చూశాడు. అడుగున చిన్న అక్షరాల్లో "64 ఎంట్రీలు నిండితే" అని ఉంది.

అపోహ: అంకె పెద్దదైతే డబ్బుకు ఢోకా లేదు.

2006లో అమెరికాలోని రీనోలో కెవిన్ ట్రూడో పెట్టిన ఇంటర్నేషనల్ పూల్ టూర్ వాళ్ల ఎయిట్‌బాల్ (పూల్‌లో ఒక రకం) పోటీ జరిగింది. మొదటి బహుమతి 5 లక్షల డాలర్లు. ఫిలిప్పీన్స్ ఆటగాడు ఎఫ్రెన్ రెయెస్ గెలిచాడు. ఆట ముగిశాక ఆటగాళ్లకు డబ్బు ఒకేసారి అందలేదు, వాయిదాల కోసం ఎదురుచూడాల్సి వచ్చింది.

నాకూ ఒకసారి ఇలాగే జరిగింది. మూడో స్థానానికి రావాల్సిన 15 వేలు మూడు ముక్కలుగా, ఐదు నెలలకు వచ్చాయి. ఫోన్ చేసినప్పుడల్లా "స్పాన్సర్ ఇంకా ఇవ్వలేదు" అనేవారు. నా డబ్బు నేను అడుక్కుంటున్నట్టు ఉండేది. అందుకే ఇప్పుడు టేబుల్ మీద మొదటిసారి బంతులు పేర్చకముందే ప్రైజ్ మనీ మొత్తం పక్కన పెట్టించి, ఆ తర్వాతే డ్రా వేస్తాను.

అపోహ: ప్రమోటర్లు ఆటగాళ్ల మీద బతుకుతారు.

కొందరు ఉన్నారు. కానీ రెండు రోజులు పార్లర్ మూయించి అద్దె కట్టాలి, టేబుళ్లకు కొత్త క్లాత్ వేయించాలి, రిఫరీలకు, లైవ్ ప్రసారానికి డబ్బివ్వాలి. మ్యాచ్ రోజు పొద్దున "రాలేను అన్నా" అని ఫోన్ చేసే ఆటగాళ్ల వల్ల ఖాళీ టేబుళ్లు చూసిన స్పాన్సర్ మళ్లీ రాడు. ఈ తప్పు మన వైపుది, ఒప్పుకోవాలి. పోటీలు పెట్టే బ్రిటన్ సంస్థ మ్యాచ్‌రూమ్ 1994 నుంచి మోస్కోనీ కప్ (యూరప్, అమెరికా జట్ల పూల్ పోటీ) నడుపుతోంది. ఇవాళ సౌదీ అరేబియాలోని జెడ్డాలో పూల్ ప్రపంచ చాంపియన్‌షిప్ గెలిస్తే 2.5 లక్షల డాలర్లు వస్తున్నాయంటే, అన్నేళ్లు పట్టు వదలకుండా నిలబడ్డ ప్రమోటర్ ఉండబట్టే.

అపోహ: గెలిచిందంతా మనదే, ఎక్కడైనా ఆడొచ్చు.

అమెరికాలో విదేశీ ఆటగాడి ప్రైజ్ మనీలో మామూలుగా 30 శాతం పన్ను ముందే పట్టుకుంటారు. విమానం, హోటల్ ఖర్చు చాలావరకు మనదే. ఆడే చోటు విషయం ఇంకా సున్నితం. పూల్ ప్రపంచ సమాఖ్యకూ మ్యాచ్‌రూమ్‌కూ మధ్య తగాదాలో, మ్యాచ్‌రూమ్ వియత్నాంలో పెట్టిన హనోయి ఓపెన్ ఆడినందుకు కొందరు ఆసియా ఆటగాళ్ల మీద సస్పెన్షన్ పడింది. పోట్లాట వాళ్లది, ఆగిపోయింది వీళ్ల ఆట. రాష్ట్ర సంఘంలో పేరు నమోదైనవాళ్లు, ఆ పోటీ ఆడొచ్చో లేదో ఎంట్రీ కట్టే ముందే అక్కడ అడగండి.

ఆ కుర్రాడు అదే రాత్రి నిర్వాహకుడికి మెసేజ్ పెట్టాడు. ఎంట్రీలు తగ్గితే ప్రైజ్ మనీ ఎంత తగ్గుతుందో, ఎప్పుడు ఇస్తారో అడిగాడు. తగ్గిన ఎంట్రీల డబ్బు మాత్రమే తగ్గుతుందని, తమ 72 వేలు అలాగే ఉంటాయని, ఫైనల్ రోజే చెల్లిస్తామని జవాబు వచ్చింది. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి నాకు పంపి, 2 వేలు కట్టాడు.